కోటిగాడి మీద అభ్యంతర పత్రం

విజయవాడ సత్యనారాయణపురంలో రెండు పడగ్గదుల ఫ్లాటుకు సర్వహక్కులూ గల యజమానినైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసి ఇస్తున్న అభ్యంతర పత్రం ఏమనగా: మా ఇంట్లో తొంభై గ్రాములు తూగే ఒక పక్షికి ఉన్న హక్కుల్లో సగం కూడా నాకు లేవు.

ఉద్యోగకాలమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చున్నవాణ్ణి. కోపమొచ్చినా దస్తావేజు భాషలోనే వస్తుంది. పాఠకులు సర్దుకోవాలి.

ముందుగా ఆస్తి వివరం. హాల్లో నైరుతి మూల. వాస్తు ప్రకారం అది యజమాని స్థానం. ఇప్పుడక్కడ పంజరం ఉంది. హద్దులు: దక్షిణం, గోడ. పడమర, గోడ. తూర్పు, మా అమ్మ పడక్కుర్చీ. ఉత్తరం, మొన్నటిదాకా నా టీవీ. రెండు వైపులా గోడలుంటే పిల్ల పక్షికి ధైర్యమట. నాలుగు వైపులా ఖాళీ అయితే ఎటునుంచి ఎవరు మీద పడతారోనని కునుకు పట్టదట. పంజరం మరీ కింద ఉండకూడదు. మన కళ్ల ఎత్తులో ఉండాలి. వంటింట్లో అసలే ఉండకూడదు. ఇంకో సంగతి, వేటాడే జంతువులకు కళ్లు ముందుకు ఉంటాయి, వేటకు దొరికేవాటికి పక్కలకు ఉంటాయి. మనం రెండు కళ్లూ పెట్టి తేరిపార చూస్తే దాని లెక్కలో మనం పిల్లులం. అందుకని నా హాల్లో నేను చూపు పక్కకు తిప్పుకుని, నెమ్మదిగా, ఓరగా నడవాలి. అప్పిచ్చినవాడు ఎదురైతే మనిషి నడిచే నడక అది. నాకు ఎక్కడా అప్పు లేదు. అయినా అలాగే నడుస్తున్నాను.

ఇక ప్రతివాది వివరం. జాతి కాకటీల్. స్వస్థలం ఆస్ట్రేలియాలోని మెట్ట ప్రాంతాలు. కాకటూల కుటుంబంలో అందరికంటే చిన్నది. ఒళ్లు బూడిద రంగు, రెక్క మీద తెల్ల పట్టీ, చెంపకో నారింజ బిళ్ల, నెత్తిన కుచ్చు. తనంతట తాను తినడం నేర్చిన కొత్తలో తెచ్చారు. ఆడో మగో తేలలేదు. ఈ రంగువాటిలో పిల్లలన్నీ ఆడవాటిలాగే కనిపిస్తాయి. ఆరు నెలలు దాటి, పాత ఈకలు రాలి, ముఖం నిండా పసుపు వస్తే మగది. తొందరున్నవాళ్లు ఒక ఈక పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చు. మా అమ్మాయి కోకో అని పేరు పెట్టింది. అది ఆటల పోటీ పేరులా ఉందని మా అమ్మ కోటేశ్వర్రావు చేసింది. ఆడపిల్లైతే ఏం చేస్తావే అంటే, అప్పుడు కోటేశ్వరమ్మ అంది. వాడుకలో కోటిగాడు. ఆయుర్దాయం, బాగా చూసుకుంటే పదిహేను నుంచి ఇరవై ఏళ్లు. నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఎవరు ఎవర్ని సాగనంపుతారో మీరే లెక్క వేసుకోండి.

అమ్మాయి మొదట అడిగింది రామచిలకను. అక్కడ నా మాట నెగ్గింది. అయితే నా మాటగా నెగ్గలేదు, చట్టంగా నెగ్గింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, పెంచుకోవడం నేరం. జోస్యం చెప్పే చిలకకూ మినహాయింపు లేదు. మా అమ్మ చట్టందాకా పోలేదు. పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడన్న కథ చెప్పి, "ఆయన్ని విడిపించడానికి రాముడొచ్చాడు. నీకోసం ఎవరొస్తార్రా?" అంది.

కాకటీల్‌తో ఆ చిక్కు లేదు. ఆస్ట్రేలియా తన పక్షుల్ని బయటికి అమ్మడం ఎప్పుడో మానేసింది. ఇక్కడ దొరికేవన్నీ తరాలుగా పంజరాల్లో పుట్టినవే. విదేశీ చిలకల్లో చాలావాటిని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇది ఆ జాబితాలో లేదు. ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల పొలాలూ స్థలాలూ నమోదు చేసినవాడి ఇంట్లోకి, ఏ రిజిస్టరులోనూ లేని జీవి వచ్చి నైరుతిని ఆక్రమించింది. నేను వద్దన్నాను. ఆ మాట ఎవరూ రికార్డు చేయలేదు.

అసలు అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. మా అమ్మాయి సిద్ధాంతం ప్రకారం పక్షికి "వద్దు" అనే హక్కుంది. కుచ్చు నిటారుగా లేస్తే అది బెదిరిందనో, ఏదో కొత్తది చూసిందనో అర్థం. సగం వాలి ఉంటే నిశ్చింత. కుచ్చు నెత్తికి అంటుకుపోయి, నోరు తెరిచి బుస కొడితే, ఇంకో అంగుళం ముందుకొచ్చావంటే కరుస్తాను అని. అప్పుడు మనం ఆగి, వెనక్కి తగ్గాలి. తగ్గితే, వీళ్లకు నా మాట వినపడుతోంది, ముక్కు వాడక్కర్లేదు అని అది నేర్చుకుంటుంది. తగ్గకుండా చెయ్యి చాపితే, చెబితే వినరు, కరిస్తేనే వింటారు అని నేర్చుకుంటుంది. ఒకవేళ కరిచిందా, కెవ్వుమనకూడదు, చెయ్యి లాక్కోకూడదు. గొడవ చేస్తే కరవడం భలే పనిచేసిందని మురిసి మళ్లీ కరుస్తుంది. మెల్లిగా దింపేసి, మనం ఎక్కడ తొందరపడ్డామో ఆలోచించుకోవాలి. కరిచింది అది, ఆలోచించుకోవాల్సింది మనం.

ఇది విన్న పూటే నేను భోజనం దగ్గర కాకరకాయ పులుసు వద్దన్నాను. స్పష్టంగా అన్నాను. ముఖం కూడా పక్కకు తిప్పాను. గరిటె ఆగలేదు.

నన్ను బడిలో వేసిన రోజున ఇద్దరు పెద్ద తరగతి పిల్లలు కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకుపోయారు. నేను బుస కొట్టాననే గుర్తు. వెనక్కి తగ్గడం ఎవరికీ తోచలేదు. పంతులుగారు నా కళ్ల ఎత్తుకు వంగలేదు, పైనుంచే చెయ్యి వేశారు. పైనుంచి వచ్చే చెయ్యి పక్షికి గద్ద కాలిగోళ్లలా కనిపిస్తుంది కాబట్టి ఎప్పుడూ కిందినుంచి, ఛాతీ దిగువకు, మెల్లిగా వేలు చాపాలని మా అమ్మాయి ఇప్పుడు చెబుతోంది. ఈ విజ్ఞానం అప్పుడుంటే నా ఎక్కాలు ఇంకోలా ఉండేవి.

పక్షులమ్మే కొట్టు ఆయన మాత్రం నా కాలం మనిషి. తువ్వాలుతో చుట్టి రోజూ చేతిలో పట్టుకోండి, రెక్కల కొసలు కత్తిరించేయండి, వారంలో దారికొస్తుంది అన్నాడు. అమ్మాయి ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోను. గింజుకుని అలిసిపోయి ఊరుకున్న పక్షి మచ్చికైనట్టు కాదట, ఆశ వదులుకున్నట్టట. రెక్క ఈకలు కత్తిరిస్తే మళ్లీ ఈకలు మారినప్పుడు పెరుగుతాయి గానీ, అందాకా పారిపోలేని భయంతో కరిచే అలవాటు పడుతుందట. "ఎగిరిపోయే దారుండి కూడా చేతి మీద నిలబడితే దాన్ని నమ్మకం అంటారు నాన్నా." నేనూ ఇన్నేళ్లుగా ఎగిరిపోయే దారుండి ఈ ఇంట్లోనే నిలబడ్డాను. నాకెవరూ కొర్ర కంకి ఇవ్వలేదు.

కొర్ర కంకి సంగతి చెప్పాలి, ఈ వ్యవహారమంతా దాని మీదే నడిచింది. లోకంలో పంజరం పిట్టలన్నిటికీ ఇష్టమైన తాయిలం అదే. కొట్లలో నాలుగు కంకులు రంగుల పొట్లంలో పెట్టి, బిర్యానీ ధరకు అమ్ముతారు. నాతో పనిచేసిన ఒకాయనది నంద్యాల వైపు ఊరు. ఆయన సంచెడు పంపాడు. మా అమ్మ ఆ సంచి చూసి, మా చిన్నప్పుడు వరన్నం పండక్కే, మిగతా రోజులు ఇవే, వీటినా కొంటున్నారు అని ముక్కున వేలేసుకుంది. నాకు షుగరని డాక్టరు కూడా కొర్రన్నమే తినమన్నాడు. కాబట్టి మా ఇంట్లో కొర్రలు తినే జీవాలు రెండు. ఒకటి తింటే శభాష్ అంటారు. రెండోది తినకపోతే తిడతారు.

మొదట్లో ఏమీ చేయలేదు. పంజరం పక్కన కూర్చుని గొంతు పెంచకుండా ఏదో ఒకటి చదవాలి, అంతే. ఎదురుగా మనిషి ఉండగా అది గింజ కొరికిందంటే తొలి మెట్టు ఎక్కినట్టు, ఎందుకంటే ప్రాణభయం ఉన్నది తినదు. తర్వాత పొడుగాటి కంకిని ఊచల్లోంచి అందించడం. కంకి పొడుగు కాబట్టి చెయ్యి దూరంగానే ఉంటుంది. రానురాను కంకి పొట్టిదవుతుంది, చెయ్యి దగ్గరవుతుంది. తర్వాత తలుపు తీసి. తర్వాత అరచేతిలో. తర్వాత వేలు ఎక్కితేనే. అది ఒక్క అడుగు ముందుకు వేసిన క్షణంలోనే నాలుకతో టక్కున చప్పుడు చేసి గింజ పెట్టాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే దేనికి పెట్టామో దానికి తెలియదు. విసుగు పుట్టకముందే ఆపేయాలి. గిన్నెలో మాత్రం కొర్రలు పోయకూడదు. మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్, పక్షుల బిళ్లలు పెట్టాలి. కొర్రలు గిన్నెలో దొరికితే మన చేతికి విలువ ఉండదు. అందాల్సింది ఖజానానుంచి కాదు, చేతిలోంచే. ఈ సూత్రం నేను ఇదివరకే ఎక్కడో విన్నాను. ఎక్కడో రాయను.

ఇక ఫ్యాను. దీని గురించి నేను శాంతంగా రాయలేను.

మన ఇళ్లల్లో వదిలిన పక్షికి మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాను. ఎగిరే పక్షి తిరుగుతున్న రెక్కకు తగిలితే అంతే సంగతులు. అందుచేత కోటిగాడు పంజరం బయట ఉన్నంతసేపూ ఫ్యాను ఆపాలి. కిటికీలు మూయాలి. వీధి తలుపు గడియ వేసి, బయటివాళ్లు బెల్లు కొట్టకుండా చీటీ అంటించాలి. అద్దం మీద దుప్పటి కప్పాలి, లేకపోతే అందులోకి దూసుకుపోతుంది. బాత్‌రూమ్ తలుపు వేసి, నీళ్ల బకెట్ల మీద మూతలు పెట్టాలి, పొయ్యి ఆర్పాలి. మే నెల. బెజవాడ. బయట నలభై అయిదు డిగ్రీలు. ఏసీ ఉన్నది పడగ్గదిలో. ఆ గది పనికిరాదట, అక్కడ అల్మారా సందులు ఎక్కువట. అలా తలుపులన్నీ బిగించిన హాల్లో, చెమటలు కారుతూ, చేతిలో కంకితో, చూపు పక్కకు తిప్పుకుని నలుగురం కూర్చుంటే, మెట్ట ప్రాంతపు ఎండలకు పుట్టిన ప్రతివాది కర్టెన్ రాడ్డు మీద హాయిగా ఈకలు దువ్వుకున్నాడు. కిందికి దిగమని అడగొచ్చు. వద్దంటే మాత్రం వినాలి. వాడు వద్దన్నాడు. మేము విన్నాం. చాలాసేపు విన్నాం.

కింది ఫ్లాటు ఆయన చీటీ చదివి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని ఫోన్ చేశాడు.

తర్వాతి అంశం పొగ. పక్షి శ్వాస మనలాంటిది కాదు. ఊపిరితిత్తులకు తోడు ఒంట్లో గాలి తిత్తులుంటాయి, పీల్చిన గాలి ఒకే దిక్కుగా ఊపిరితిత్తుల్లోంచి సాగుతుంది. గాలిలో మంచి ఎంత వేగంగా ఎక్కుతుందో విషమూ అంతే వేగంగా ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టల్ని వాడారంటే అందుకే. దీనివల్ల మా ఇంట్లో రద్దయినవి: అగరొత్తులు, సాంబ్రాణి, హారతి కర్పూరం, దోమల చుట్ట, గది సువాసన డబ్బా, ఫినాయిలు. ఎండుమిరపకాయల పోపు పడితే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి వంటింటి తలుపు మూస్తారు. నాన్‌స్టిక్ పెనం నేరుగా అటకెక్కింది. ఖాళీ పెనం మాడితే దాని పూతనుంచి వచ్చే పొగకు పక్షులు నిమిషాల్లో చచ్చిపోతాయి. ఇనప పెనం మీద దోసె బాగుంటుంది, అది నేను ఒప్పుకుంటాను. దోమల సంగతి మాత్రం ఒప్పుకోను. బెజవాడలో కాలువ పక్కన కాపురం ఉంటూ దోమల చుట్ట వెలిగించుకోలేని గృహస్థుడి రాత్రులు ఎలా ఉంటాయో న్యాయస్థానం ఊహించుకోవాలి. దేవుడికి పొగ లేకుండా పూజ చేస్తున్నాం. మా అమ్మ దేవుడితో ఏం సర్దుబాటు చేసుకుందో తెలియదు.

రాత్రుల మాట వచ్చింది కాబట్టి, ప్రతివాదికి పది, పన్నెండు గంటల నిద్ర కావాలి. ఏడున్నరకు పంజరం మీద గుడ్డ. ఆ తర్వాత హాల్లో టీవీ చర్చలు నిషేధం. అయితే పూర్తి చీకటి కూడా పనికిరాదు. కాకటీళ్లు చీకట్లో ఉన్నట్టుండి ఉలిక్కిపడి, పంజరమంతా కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటాయి. కాబట్టి చిన్న బల్బు వెలగాలి. కరెంటు పోతే ఎవరో ఒకరు లేచి టార్చి వేసి, కోటీ ఏం లేదురా అని చెప్పాలి. నేను రాత్రిపూట ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానో, అప్పుడు ఎవరు టార్చి వేశారో రికార్డులో లేదు.

పొద్దున్నే వంటింటి త్రాసు మీద వాడి తూకం. పక్షి తన జబ్బు దాస్తుంది. గుంపులో నీరసంగా కనపడ్డదాన్నే గద్ద ఎంచుకుంటుంది గనక, పడిపోయే రోజుదాకా బాగున్నట్టే నటిస్తుంది. ఆ నటన త్రాసు దగ్గర సాగదు. ఒంటి బరువులో పదో వంతు తగ్గిందంటే పక్షుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నేను మోకాలి నొప్పి దాస్తున్నాను. నన్ను తూచేవాళ్లు లేరు.

ఇంత యంత్రాంగం నడిచినా, వాడు మొదట నమ్మింది మా అమ్మాయిని కాదు, మా అమ్మను. ఆవిడ వాణ్ణి మచ్చిక చేయాలనుకోలేదు. పిట్ట కంపు అని సణుగుతూ, తూర్పు హద్దులో పడక్కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ, విష్ణు సహస్రనామం గొణుక్కునేది. వాడివైపు చూసేది కాదు, చెయ్యి చాపేది కాదు. రోజూ అదే వేళ, అదే గొంతు, అదే నెమ్మది. అమ్మాయి చదివిన పాఠమంతా ఆవిడ చదవకుండానే పాటించింది. ఒక మధ్యాహ్నం వాడు ఆవిడ వైపు ఊచలకు ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఈకలు వదులు చేసి, ముక్కు కటకట నూరడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, వీడు నన్ను చూసి పళ్లు కొరుకుతున్నాడు!" అని కేకేసింది. పళ్లు కొరకడం కాదు, నిద్రకు ముందు పరమ సంతృప్తిగా ఉన్న చిలక చేసే పని అది. తర్వాత కొన్నాళ్లకు తల వంచి ఆవిడ వేలికి అందించాడు. చిలక తల వంచిందంటే గీకమని. తల, చెంపలు మాత్రమే గీకాలి, వీపు నిమరకూడదు, అది జత కట్టేవాటి వ్యవహారం అట. ఆవిడ జంతిక పెట్టబోతే అమ్మాయి ఆపింది. ఉప్పు, కాఫీ, చాక్లెట్ వాడికి పనికిరావు. నాకూ ఉప్పు పనికిరాదని డాక్టరు చెప్పాడు. జంతికల డబ్బా తాళం వేసింది మాత్రం మొన్నే, వాడికోసం.

నా వంతుగా నేను చదువు పెట్టుకున్నాను. చిలకకూ గోరువంకకూ మాటలు నేర్పడం అరవై నాలుగు కళల్లో ఒకటని వాత్స్యాయనుడే లెక్కవేశాడు. అయితే కాకటీళ్లకు మాటలకంటే ఈలలు బాగా వస్తాయి. సరే అని త్యాగరాజ కీర్తన ఒకటి పల్లవివరకు రోజూ ఈలగా వేశాను. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, లిఫ్టు తలుపు సరిగ్గా వెయ్యకపోతే వచ్చే కూత నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ కూత వినపడితే మా అంతస్తులో మూడు ఇళ్లవాళ్లూ బయటికొచ్చి ఒకర్నొకరు తిట్టుకుంటున్నారు. ఈల వెయ్యడం ఎక్కువగా మగవాటి పని కాబట్టి కోటేశ్వర్రావే ఖాయం కావచ్చని అమ్మాయి సంతోషించింది. నా పల్లవి గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పటి స్థితి ఇది. అమ్మాయి వేలు ఎక్కుతాడు. మా ఆవిడ భుజం మీదికి ఎగురుతాడు. మా అమ్మ కుర్చీ చేతి మీద కూర్చుని చిక్కుడు ఈనెలు పీకుతాడు. నా మణికట్టు దాకా వస్తాడు, గడియారం పట్టీ కోసం. అదైనా వస్తున్నాడని మొన్నటిదాకా నేను కొంత మెత్తబడ్డ మాట నిజమే.

మొన్న మా మేనల్లుడి పెళ్లికని జుట్టుకు రంగు వేయించుకొచ్చాను. హాల్లో అడుగు పెట్టానో లేదో, కుచ్చు నిటారుగా లేచింది, మరుక్షణం నెత్తికి అతుక్కుపోయింది. బుస. చిలకలకు మన టోపీ మారినా, కళ్లజోడు మారినా పరాయి మనిషిలా కనపడతామట. అమ్మాయి పరుగెత్తుకొచ్చి నన్ను గుమ్మం దగ్గరే ఆపింది. "నువ్వు వాడికి కొత్తవాడివి నాన్నా. మళ్లీ మొదటినుంచి. దూరంగా కూర్చుని పేపరు చదువు, వాడి వైపు చూడకు. పొడుగు కంకితో మొదలుపెడదాం." మా అమ్మ తల ఎత్తి, ఏమైందిరా అంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, పెరుగు ప్యాకెట్ తెచ్చారా?" అంది. రంగు వేయించుకున్న సంగతి కనిపెట్టింది ఇంట్లో వాడొక్కడే.

కనిపెట్టినందుకు కూడా నాకు అభ్యంతరమే. రంగు వెలిసి తెల్ల కుదుళ్లు తేలితే వాడికి మళ్లీ కొత్తవాణ్ణవుతానా అని అమ్మాయిని అడిగాను. నెమ్మదిగా వెలుస్తుంది కాబట్టి అలవాటు పడతాడంది. పెళ్లి ఆదివారం. మీసం ఇంకా తెల్లగానే ఉంది. దానికి వేయించుకోవచ్చో లేదో వాణ్ణి చూసి చెబుతానంది.